బ్లాక్ ఆప్స్ 2 చూపించిన 2025 ఎంత నిజమైంది? అగ్నివీర్‌కి ఆ ఆట పనికొస్తుందా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. బ్లాక్ ఆప్స్ 2 (కాల్ ఆఫ్ డ్యూటీ వరసలో వచ్చిన యుద్ధం గేమ్) కథ 2025లో నడుస్తుంది కదా, ఆ 2025 వచ్చి వెళ్ళిపోయింది కూడా, అందులో చూపించినవాటిలో ఏవి నిజమయ్యాయి? ఆ గేమ్‌లో చెయ్యి తిరిగినవాడికి అగ్నివీర్‌లో ఏమైనా కలిసొస్తుందా? పాత ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఏది ఆడొచ్చు? టెక్కలి నుంచి రాస్తున్నానన్నావు, అగ్నివీర్ భర్తీ ర్యాలీకి తయారవుతున్నానన్నావు, నాన్నగారు గేమ్ చూసినప్పుడల్లా తిడుతున్నారన్నావు. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదువు.

నేను సైన్యంలో రేడియోలు, లైన్లు చూసుకునే కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో హవల్దార్‌గా రిటైరై విజయనగరంలో ఉంటున్నాను. మా మేనల్లుడు కంప్యూటర్ కొన్న దగ్గర్నుంచి ఇలాంటి గేమ్‌లు వాడితో కూర్చుని ఆడుతూనే ఉన్నాను. ఇన్‌ఫాంట్రీ మనిషిని అడిగితే తుపాకుల గురించి చెప్తాడు. నాకు మాత్రం ఎక్కడ చూసినా రేడియో, లైను, బ్యాటరీయే కనిపిస్తాయి. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదువు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ గేమ్ రాసినవాళ్ళు డ్రోన్లు ఎటు వెళ్తాయో బాగానే పట్టుకున్నారు, అవి ఇంత చవకైపోతాయని మాత్రం పట్టుకోలేకపోయారు. ఇంకో మాట. యుద్ధం గెలిచేదీ ఓడేదీ సిగ్నల్ దగ్గరే అని వాళ్ళ కథకు తెలుసు. ఆట దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మర్చిపోయారు. మల్టీప్లేయర్‌లో సిగ్నల్ పోవడం అంటే మినీ మ్యాప్ కాసేపు గీతలు గీతలుగా అవడం, అంతే. నిజం జీవితంలో అక్కణ్ణుంచే కథ మొదలవుతుంది.

గేమ్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ట్రెయార్క్ అనే కంపెనీ తయారు చేసింది, 2012 నవంబర్ 13న వచ్చింది. సగం కథ 1980లలో, అంగోలా, అఫ్గానిస్థాన్, పనామాల్లో. మిగతా సగం 2025లో. రౌల్ మెనెండెజ్ అనే విలన్‌కి కోర్డిస్ డై అని ఒక ఉద్యమం, సోషల్ మీడియాలో కోట్లమంది అభిమానులు. చైనా స్టాక్ ఎక్స్‌ఛేంజ్ మీద సైబర్ దాడి జరుగుతుంది, దానికి బదులుగా చైనా రేర్ ఎర్త్ ఖనిజాల ఎగుమతి ఆపేస్తుంది. అమెరికా, చైనా మళ్ళీ ప్రచ్ఛన్న యుద్ధంలోకి దిగుతాయి. చివరికి మెనెండెజ్ అమెరికా డ్రోన్ల దళాన్నంతా తన చేతిలోకి తీసుకుని వాళ్ళ నగరాల మీదికే తోలతాడు. కథ ఎటు తిరగాలన్నది నువ్వు తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడుతుంది. ఒక ప్రోగ్రామర్ అమ్మాయిని కాపాడగలిగావా లేదా అన్నదాన్ని బట్టే చివరి సైబర్ దాడి ఫలిస్తుందో లేదో తేలుతుంది. ఇన్ని తుపాకులు పేల్చాక గెలుపు ఆ అమ్మాయి చేతిలో ఉందన్నమాట! నాకు గేమ్ మొత్తంలో నచ్చింది అదే.

ఇప్పుడు రేర్ ఎర్త్ సంగతి. దీన్ని జోస్యం అని చాలామంది యూట్యూబ్‌లో ఊదరగొడుతున్నారు. జోస్యం ఏమీ కాదు. 2010లో జపాన్‌తో పడవ గొడవ వచ్చినప్పుడే చైనా ఆ దేశానికి రేర్ ఎర్త్ సరఫరా బిగించింది. గేమ్ రాసేవాళ్ళు ఆ వార్త చదివి ఉంటారు, దాన్నే పదిహేనేళ్ళు ముందుకు లాగారు. కానీ సంవత్సరం ఎంత కచ్చితంగా తగిలిందో చూడు: 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్‌ల ఎగుమతి మీద లైసెన్స్ ఆంక్షలు పెట్టింది. సమేరియం, టెర్బియం, డిస్ప్రోసియం లాంటివి. కారణం సైబర్ దాడి కాదు, అమెరికా సుంకాలు. మన దేశంలో ఎలక్ట్రిక్ బండ్లు చేసేవాళ్ళు ఆ ఏడాది మధ్యలో రేర్ ఎర్త్‌లతో చేసే మాగ్నెట్ల కోసం తిప్పలు పడ్డారు. డ్రోన్ మోటారులో ఉండేదీ ఆ జాతి మాగ్నెట్టే. అది లేకపోతే మోటారు బరువెక్కుతుంది, బరువెక్కిన డ్రోన్ దూరం పోలేదు.

ఈ ముక్క నీకు ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, ఆ ఖనిజం నీ ఊరికి గంట దూరంలోనే ఉంది. భావనపాడో కళింగపట్నమో వెళ్ళినప్పుడు అల వెనక్కి తగ్గాక చూడు, ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. పాడైన స్పీకర్‌లోంచి తీసిన మాగ్నెట్‌ని కవర్లో పెట్టి ఆ చార మీద రాస్తే నల్ల రవ్వలు మీసాల్లా లేచి అతుక్కుంటాయి. అతుక్కునేది ఎక్కువగా మాగ్నెటైట్. అతుక్కోకుండా కింద ఉండిపోయేదాంట్లో గార్నెట్ ఎర్రగా కనబడుతుంది. తేనెరంగులో సన్నగా, కంటికి సరిగ్గా ఆనకుండా ఉండేది మోనజైట్. రేర్ ఎర్త్‌లు ఉండేది అందులోనే. థోరియం కూడా ఉంటుంది కాబట్టి అది అణు ఖనిజాల లెక్కలోకి వస్తుంది, ఎవరు పడితే వాళ్ళు తవ్వి అమ్ముకునేది కాదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే ఛత్రపురంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ప్లాంటు ఉంది, ఇలాంటి ఇసుకనే అక్కడ వేరు చేస్తారు. గేమ్‌లో ఆ ఖనిజం కోసం మయన్మార్ కొండల్లో వింగ్‌సూట్ వేసుకుని దూకుతారు. మనవాళ్ళు అదే ఇసుక మీద వలలు ఆరేసుకుంటారు. ఇసుక ఉన్నంత మాత్రాన మాగ్నెట్ వచ్చేయదు, ఆ మాట కూడా చెప్పాలి. వేరు చేయడం, శుద్ధి చేయడం, లోహంగా మార్చడం, మాగ్నెట్‌గా తయారు చేయడం, ఈ నాలుగు మెట్లలో పై మెట్లు చైనా గుప్పిట్లో ఉన్నాయి. ఆంక్షలు పెట్టి ప్రపంచాన్ని ఉక్కిరిబిక్కిరి చేయగలిగింది అందుకే.

తప్పినవీ ఉన్నాయి, సరదాగా చెప్తాను. గేమ్‌లో 2025 నాటి అమెరికా అధ్యక్షురాలు ఒక మహిళ. జనరల్ పెట్రేయస్ రక్షణ మంత్రి. పాపం, గేమ్ విడుదలకు నాలుగు రోజుల ముందు ఆయన సీఐఏ డైరెక్టర్ పదవికి రాజీనామా చేసి ఇంటికి వెళ్ళాడు. పదమూడేళ్ళ తర్వాత సంగతి సరే, ఆ వారం సంగతే వాళ్ళకు అందలేదు. ఇంకోవైపు, లాహోర్ వరదల్లో మునిగి ఉండగా జరిగే మిషన్ ఒకటుంది. 2025 ఆగస్టులో రావి పొంగి లాహోర్‌లో నిజంగానే చాలా కాలనీలు మునిగాయి. అది కాకతాళీయమే, దానికి పెద్ద అర్థాలు తీయకు.

అసలు విషయానికి వస్తాను, డ్రోన్లను దొంగిలించడం. ఇదీ గాల్లోంచి ఊడిపడిన ఊహ కాదు. 2009లో ఇరాక్‌లో తిరుగుబాటుదారుల ల్యాప్‌టాప్‌లలో అమెరికా ప్రిడేటర్ డ్రోన్ల వీడియో దొరికింది. పాతిక డాలర్ల సాఫ్ట్‌వేర్‌తో పట్టుకున్నారు, ఎందుకంటే ఆ వీడియోకి ఎన్‌క్రిప్షనే లేదు. 2011 డిసెంబర్‌లో ఆర్‌క్యూ-170 అనే రహస్య డ్రోన్ ఇరాన్ చేతికి దాదాపు చెక్కుచెదరకుండా చిక్కింది. దొంగ జీపీఎస్ సంకేతాలు పంపి దింపేశామని వాళ్ళు చెప్పుకున్నారు. 2012 జూన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళు చిన్న డ్రోన్ ఒకదానికి దొంగ జీపీఎస్ పంపి దారి తప్పించి చూపించారు. ఇవన్నీ గేమ్ రాకముందు జరిగినవే. మా ట్రేడ్‌లో ఉన్నవాడికి ఇవి చదివితే వెన్ను జలదరిస్తుంది. ప్రిడేటర్ లాంటి ఖరీదైన మెషిన్ కూడా తలుపుకి గొళ్ళెం పెట్టకుండా ఎగిరిందని తెలిసినప్పుడు నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

అయితే మెనెండెజ్ చేసినట్టు దళం మొత్తాన్ని ఒక్క దెబ్బతో తిప్పేసుకోవడం ఇప్పటిదాకా ఎక్కడా జరగలేదు. హైజాక్ చేయడం కష్టం, జామ్ చేయడం తేలిక. తాళం పగలగొట్టే ఓపిక లేనివాడు తలుపు ముందు మైకు పెట్టి హోరెత్తిస్తే లోపలివాళ్ళు ఒకరి మాట ఒకరు వినలేరు కదా, జామింగ్ అంతే. యుక్రెయిన్‌లో వాడే చిన్న ఎఫ్‌పీవీ డ్రోన్లు కొన్ని వందల డాలర్లకే తయారవుతాయి. ఆపరేటర్ కళ్ళకు గాగుల్స్ పెట్టుకుని కెమెరా చూపులో నడుపుతాడు, నువ్వు ఆడే గేమ్ చూపే అది. వాటిలో కొన్నిటికి కంట్రోల్, వీడియో నడిచేది 2.4, 5.8 గిగాహెర్ట్జ్‌ల మీద, అంటే మన వైఫై పక్కింట్లోనే. ఆ ఫ్రీక్వెన్సీలో హోరు పెడితే గాగుల్స్‌లో బొమ్మ మంచు కురిసినట్టయి డ్రోన్ నేలకు కొడుతుంది. దానికి విరుగుడుగా ఫ్రీక్వెన్సీ మారుస్తారు, అవతలివాడు అక్కడికీ వస్తాడు, మళ్ళీ మారుస్తారు. ఈ తరుముడు వారాల లెక్కలో నడుస్తోంది, సంవత్సరాల లెక్కలో కాదు.

చివరికి ఏం చేశారో తెలుసా? రేడియోనే తీసేశారు. డ్రోన్ వెనక ఫైబర్ కేబుల్ చుట్ట కట్టారు. ఎగురుతూ ఉంటే వెంట్రుకంత తీగ వదులుకుంటూ పోతుంది, పది ఇరవై కిలోమీటర్ల దాకా. జామర్ ఎంత అరిచినా దానికి వినపడదు. ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు నేను గట్టిగా నవ్వాను, మా మేనల్లుడికి ఎందుకో అర్థం కాలేదు. సిగ్నల్స్‌లో చేరినవాడికి లైను పార్టీ అంటే ఏంటో తెలుసు. కేబుల్ డ్రమ్ము వీపున వేసుకుని ఒకడు నడుస్తాడు, డ్రమ్ము కిర్రుకిర్రుమంటూ తిరుగుతుంటే వెనకవాడు తీగను చెట్టు కొమ్మకో రాయికో ముడేసి కట్టుకుంటూ వస్తాడు, మరీ బిగువుగా కాదు, బండి కింద పడి తెగకుండా కాస్త వదులుంచి. దారి దాటేచోట పైకెత్తి కట్టాలి. చివర్లో ఫీల్డ్ టెలిఫోన్ తగిలించి హ్యాండిల్ తిప్పితే అవతల గంట మోగాలి. మోగకపోతే మళ్ళీ మొదటి నుంచి తడుముకుంటూ నడవాలి. ఇదంతా పాతకాలం పని అని కొత్త కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా కొత్త ఆయుధం వీపున డ్రమ్ము కట్టుకుని ఎగురుతోంది. బ్లాక్ ఆప్స్ 2 లోనే కాదు, ఆ రోజుల్లో వచ్చిన ఇలాంటి గేమ్ ఏదాంట్లోనూ ఇది నాకు కనబడలేదు.

నువ్వు మల్టీప్లేయర్ ఎక్కువ ఆడతావు కాబట్టి పెర్కుల (ఆటగాడు ఎంచుకునే ప్రత్యేక శక్తుల) గురించి ఒక మాట. ఘోస్ట్ పెర్క్ వేసుకుంటే శత్రువు యూఏవీకి, అంటే పైనుంచి వెతికే నిఘా డ్రోన్‌కి, నువ్వు కనబడవు, కానీ కదులుతున్నంతసేపే. ఆగితే కనబడతావు. ఒకే మూల కూర్చుని కాల్చేవాళ్ళని లేపడానికి పెట్టిన రూలు అది, ఆటకు మంచిదే. ఫ్రంట్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. పైన డ్రోన్ ఉన్నప్పుడు కంటికి మొదట చిక్కేది కదలికే. నిశ్చలంగా పడుకున్నవాడు బతుకుతాడు, పరిగెత్తినవాడు దొరికిపోతాడు. థర్మల్ కెమెరా ఉంటే పడుకున్నా ఒంటి వేడి పట్టిస్తుంది, అందుకే తలపైన కప్పు కావాలి. నీ వేళ్ళకు అలవాటైన రిఫ్లెక్స్ ఇక్కడ నీకు శత్రువు.

శత్రువు మ్యాప్‌ని చెడగొట్టే కౌంటర్ యూఏవీ, ఎలక్ట్రానిక్స్‌ని ఆపేసే ఈఎంపీ, ఆ రెండిటినీ తట్టుకునే హార్డ్ వైర్డ్ పెర్క్, ఇవి నాకు ఇష్టమైనవి, ఎందుకంటే గేమ్‌లో సిగ్నల్స్ మనిషికి దక్కిన గౌరవం అంతవరకే. కానీ ఈఎంపీ పడ్డాక కాసేపు స్క్రీన్ మసకబారి, తర్వాత అన్నీ వాటంతటవే తిరిగి వచ్చేస్తాయి. ఎవరు రిపేరు చేశారు? బ్యాటరీ ఎవరు మోసుకొచ్చారు? శ్రీకాకుళం జిల్లావాడివి, నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా అత్తగారి ఊరు వజ్రపుకొత్తూరు వైపు. సెల్ టవర్ నిలబడే ఉంది, ఒక్క నట్టు కూడా ఊడలేదు. కానీ కరెంటు స్తంభాలు పడిపోయాయి, టవర్ బ్యాటరీ అయిపోయింది, జనరేటర్‌కి డీజిల్ తేవాలంటే రోడ్డంతా కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. మనుషులు మేడలెక్కి ఒక్క గీత కోసం ఫోన్ ఆకాశానికి చూపిస్తున్నారు. ఛార్జింగ్ బైక్ బ్యాటరీ నుంచి. పక్క ఊరికి కబురు వెళ్ళాలంటే కుర్రాడిని పొలాల గట్ల మీద నడిపించారు. అదీ ఈఎంపీ అంటే. సిగ్నల్ అనేది గాల్లో ఉండదు, డీజిల్లో, రోడ్డులో, గొడ్డలి పట్టుకుని చెట్టు నరికే మనిషిలో ఉంటుంది. ఏ గేమూ దీన్ని చూపించదు, చూపిస్తే ఎవరూ కొనరు.

మన సైన్యం సంగతి. ఆపరేషన్ సిందూర్ మొదలైంది 2025 మే 7న. మరుసటి రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్లకు మూడు నాలుగు వందల డ్రోన్లు పాకిస్థాన్ నుంచి వచ్చాయని మన అధికారులు బ్రీఫింగ్‌లో చెప్పారు. అంటే గేమ్‌లో ఊహించిన సంవత్సరంలోనే మన సరిహద్దు మీద డ్రోన్ల గుంపులు ఎగిరాయి. కానీ వాటిని కూల్చినవాటిలో లేజర్లు కాదు, ఎల్-70, జెడ్‌యూ-23 లాంటి పాత గన్‌లకు పెద్ద వాటా ఉంది. కొత్త రాడార్, కొత్త సైటు తగిలించిన పాత గన్. చవక డ్రోన్ మీదికి ఖరీదైన మిసైల్ వేస్తే జేబు ఖాళీ అవుతుంది. ఎన్నేళ్ళయినా పాత సామాన్లు పారేయకూడదని మా క్వార్టర్ మాస్టర్లు అంటుంటే విసుక్కునేవాళ్ళం!

తుపాకులూ రోబోల గురించి గబగబా చెప్పేస్తాను, అవి నా సబ్జెక్టు కాదు. గేమ్‌లో టార్గెట్ ఫైండర్ స్కోప్ శత్రువు చుట్టూ గుర్తు గీస్తుంది కదా, దానికి దగ్గరగా ఇజ్రాయెల్ వాళ్ళ స్మాష్ సైట్ ఉంది, మన నేవీ కూడా తీసుకుంది, డ్రోన్లను కాల్చడానికి పనికొస్తుంది. చేతితో విసిరే హంటర్ కిల్లర్ డ్రోన్‌కి నిజం అన్నయ్య స్విచ్‌బ్లేడ్, అది గేమ్ వచ్చేనాటికే ఉంది. గార్డియన్ అనే మైక్రోవేవ్ యంత్రం లాంటిదాన్ని అమెరికా 2010లో అఫ్గానిస్థాన్ పంపి, వాడకుండానే వెనక్కి తెచ్చుకుంది. నాలుగు కాళ్ళ క్లా రోబో మన దగ్గర మ్యూల్ రూపంలో 2025 ఆర్మీ డే నాడు పుణేలో పెరేడ్ చేసింది, దాని పని ప్రధానంగా సామాను మోయడం, నిఘా. మనిషిని మాయం చేసే యూనిఫాం రాలేదు. గాయపడ్డాక గోడ చాటున నిలబడితే నయమైపోయే ఒళ్ళు కూడా రాలేదు.

ఇక నీ రెండో ప్రశ్న. ర్యాలీకి ఈ గేమ్ ఏమీ చేయదు. ముందు ఆన్‌లైన్ పరీక్ష పాసవ్వాలి, తర్వాతే గ్రౌండ్. 1,600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే 60 మార్కులు, బీమ్ (పుల్‌అప్స్) పది తీస్తే 40. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ పాసైతే చాలు. గేమ్‌లో ఎక్కువసేపు పరిగెత్తించే ఎక్స్‌ట్రీమ్ కండిషనింగ్ పెర్క్ అక్కడ పనిచేయదు. తెల్లవారుజామున హైవే అంచున పరిగెత్తే కుర్రాళ్ళని చూస్తే నాకు భయం, లారీలు ఆ టైములోనే నిద్రమత్తులో వస్తాయి. కాలేజీ గ్రౌండ్‌కో ఊరి చెరువు గట్టు మీదికో వెళ్ళు. హెడ్‌ఫోన్స్ సౌండ్ తగ్గించు, మెడికల్‌లో చెవులు కూడా చూస్తారు. రాత్రి ఒంటిగంట దాకా ఆడి ఐదింటికి పరిగెత్తితే పిక్కలు పట్టేస్తాయి, టైమింగ్ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఈ ఒక్క విషయంలో నాన్నగారిదే న్యాయం.

కానీ గేమ్ పూర్తిగా దండగ అంటే ఒప్పుకోను. యాక్షన్ గేమ్‌లు ఆడేవాళ్ళ కంటిచూపులో ఏకాగ్రత మెరుగ్గా ఉంటుందని 2003లోనే నేచర్ పత్రికలో పరిశోధన వచ్చింది. అమెరికా నేవీ యూఎస్ఎస్ కొలరాడో జలాంతర్గామిలో పెరిస్కోప్ లాంటి మాస్ట్ తిప్పడానికి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పెట్టింది, కుర్రాళ్ళకు నేర్పనక్కర్లేదని. మన ఆర్మీ 2025 జులైలో ప్రతి ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌కి ఒక డ్రోన్ ప్లటూన్ అని ప్రకటించింది. అంటే నువ్వు జీడీలో (జనరల్ డ్యూటీ, అంటే మామూలు సిపాయి కొలువులో) చేరినా డ్రోన్ నీ చేతికి వచ్చే అవకాశం ఉంది. అయితే చాలామంది గేమర్లు ఒకటి అర్థం చేసుకోరు. గేమ్‌లో డ్రోన్ నీ మాట వింటుంది, గాలి ఉండదు, బ్యాటరీ లెక్క ఉండదు. నిజం ఎఫ్‌పీవీ వదిలేస్తే గాల్లో నిలబడదు, ప్రతి క్షణం రెండు బొటనవేళ్ళతో పట్టుకోవాలి. దానికి వేరే అలవాటు కావాలి.

ఆ అలవాటు మీ ల్యాప్‌టాప్ మీదే మొదలుపెట్టొచ్చు. లిఫ్టాఫ్, వెలోసీడ్రోన్ అని డ్రోన్ సిమ్యులేటర్లున్నాయి. కీబోర్డుతో ఆడకు, దండగ. చిన్నపాటి రేడియో ట్రాన్స్‌మిటర్ కొని యూఎస్‌బీతో తగిలించు, అదే ట్రాన్స్‌మిటర్ రేపు నిజం డ్రోన్‌కీ పనికొస్తుంది. మొదట్లో విసుగొస్తుంది, తిరగబడుతూనే ఉంటుంది. చెట్టు చుట్టూ ఎనిమిది ఆకారం తాకకుండా కొట్టగలిగితే చెయ్యి కుదిరినట్టే. అసలు డ్రోన్ ఎగరేయాలంటే 2021 డ్రోన్ రూల్స్ చదువు. 250 గ్రాములలోపు నానో కిందికి వస్తుంది. పైలట్ సర్టిఫికెట్‌కి పదో తరగతి పాసై, 18 ఏళ్ళు నిండి, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పూర్తి చేయాలి. మ్యాప్‌లో ఎర్ర జోన్ చూసుకోకుండా విశాఖ నేవీ వైపు ఎగరేశావంటే మాత్రం డ్రోన్‌తో పాటు నిన్నూ పట్టుకుపోతారు.

రేడియో మీద ఇష్టం కలిగితే హామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ళ) లైసెన్స్ పరీక్ష రాయి. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా రాయొచ్చు. తరంగం ఎలా పోతుంది, కొండ వెనక ఎందుకు అందదు, యాంటెనా పొడుగుకీ ఫ్రీక్వెన్సీకీ లెక్క ఏంటి, ఇవన్నీ ఆ పుస్తకంలోనే వస్తాయి. జామింగ్ గురించి పైన నేను చెప్పిందంతా నీకు అప్పుడు ఇంకా బాగా తలకెక్కుతుంది. తుపాను వచ్చినప్పుడు ఊరికి పనికొస్తావు కూడా.

మూడోది, ల్యాప్‌టాప్. బ్లాక్ ఆప్స్ 2 అడిగేది చాలా తక్కువ: కోర్ 2 డ్యుయో, 64 బిట్ విండోస్‌కి 4 జీబీ ర్యామ్, 16 జీబీ జాగా, 512 ఎంబీ పాత గ్రాఫిక్స్ కార్డు. నీ మెషిన్‌లో వచ్చేస్తుంది. క్యాంపెయిన్ ఆడు, బాగుంటుంది. పీసీలో పాత కాల్ ఆఫ్ డ్యూటీల పబ్లిక్ మల్టీప్లేయర్ జోలికి మాత్రం వెళ్ళకు, అవతలి ఆటగాడు నీ కంప్యూటర్‌లోకే దూరగలిగే లోపాలు వాటిలో బయటపడ్డాయి. ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ వెర్షన్ అసలే వద్దు, అదే ల్యాప్‌టాప్‌లో అగ్నివీర్ అప్లికేషన్, ఆధార్, బ్యాంకు అన్నీ ఉన్నాయని నువ్వే రాశావు. కొత్తగా వచ్చిన బ్లాక్ ఆప్స్ 7 కథ 2035లో నడుస్తుంది, బ్లాక్ ఆప్స్ 2కి కొనసాగింపే, కానీ దానికి కొత్త కంప్యూటర్లలో ఉండే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కావాలి, నీ పాత ల్యాప్‌టాప్‌లో కుదరదు. బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా అంతే. ఆ డబ్బుతో ట్రాన్స్‌మిటర్ కొనుక్కో.

ఇంకొకటి, నువ్వు జీడీకి మాత్రమే అప్లై చేస్తున్నట్టు రాశావు. ఇంటర్ ఎంపీసీ అయితే అగ్నివీర్ టెక్నికల్ కూడా చూడు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషుల్లో ఒక్కోదాంట్లో 40, మొత్తం మీద 50 శాతం ఉండాలి. సిగ్నల్స్ వైపు రావాలన్నా, డ్రోన్లు రిపేరు చేసే పని కావాలన్నా ఆ దారి దగ్గర. నాలుగేళ్ళ తర్వాత నూటికి పాతికమందినే ఉంచుకుంటారు కాబట్టి, బయటికి వచ్చినా చేతిలో పని ఉండే ట్రేడ్ ఎంచుకోవడం తెలివి. ఇంటర్ మార్కులు సబ్జెక్టువారీగా కింద రాయి, నోటిఫికేషన్‌తో పోల్చి చెప్తాను.